చెరువు చుట్టూ నిదానంగా

చేపలు కడుగుతుంటే కుళాయి నీళ్ళు చల్లగా తగిలాయి. కాసేపు చేతులు అలాగే ఉంచేశాను. కువైట్‌లో ఎండాకాలం వెళ్ళిపోయిందని నాకు చెప్పేది వంటింటి కుళాయే. మే నెల మొదలుకొని మేడ మీది ట్యాంకులో నీళ్ళు కాగుతూనే ఉంటాయి. చన్నీళ్ళ కుళాయి తిప్పినా చేతులు చుర్రుమంటాయి. అంట్లు తోమాలన్నా, చేపలు కడగాలన్నా బకెట్లో పట్టి చల్లారాక వాడుకోవాలి. అక్టోబరు నెలాఖరులో ఏదో ఒక పొద్దున, చెప్పాపెట్టకుండా, ఆ నీళ్ళు మామూలు నీళ్ళవుతాయి. ఆ శుక్రవారం అదే జరిగింది. సింకు నిండా చందువలు, పక్కన గిన్నెలో రొయ్యలు, మోచేతుల దాకా పొలుసు. అయినా నాకు ఒక్కసారిగా సంతోషం వేసింది. బాల్కనీలో దుప్పటి కప్పి ఒక సైకిలు దాచుకున్నాను. నీళ్ళు చల్లబడితే దాన్ని బయటికి తీయాలని సెప్టెంబరు నుంచి ఎదురుచూస్తున్నాను.

చేపలు తెచ్చింది మా ఆయన దొరబాబు. ఇక్కడ చమురు పనులు చేసే ఓ కాంట్రాక్టు కంపెనీలో సేఫ్టీ సూపర్‌వైజరు. శుక్రవారం తెల్లవారగానే, మా ఊరివాడే అయిన రాజాని కారులో ఎక్కించుకుని ఫహాహీల్ చేపల మార్కెట్టుకి వెళతాడు. బేరమాడి, ఏరి, సంచుల్లో తెచ్చి సింకులో గుమ్మరించి, "దుర్గా, మనోళ్ళు కొంచెంమంది వత్తారే" అని చెప్పి మళ్ళీ పడుకుంటాడు. కొంచెంమంది అంటే ఎంతమందో వండేదాకా నాకు తెలియదు. తెలిసినా మారేదేమీ లేదు. డేగిసా నిండా వండటమే.

ఇక్కడ బ్యాచిలర్ అంటే పెళ్ళికానివాడు కాదు. పెళ్ళాన్ని ఊళ్ళో వదిలి వచ్చినవాడు. అలాంటివాళ్ళు ఒక్కో గదిలో నలుగురైదుగురు సర్దుకుని ఉంటారు, వారమంతా మెస్సు తిండి తింటారు. కుటుంబాన్ని తెచ్చుకోగలిగిన ఇళ్ళు మనవాళ్ళలో కొన్నే. అలాంటి ఇంటికి శుక్రవారం భోజనానికి వెళ్ళడం ఇక్కడ ఆనవాయితీ. పిలవకపోతే తప్పు, వెళ్ళకపోతే తప్పు. వాళ్ళని చూస్తే నాకూ జాలే. ఫోన్లో పిల్లల ఫోటోలు చూపించుకుంటూ చేప ముల్లు చివరిదాకా చీకే మనిషిని చూసి విసుక్కోవడం నాకు చేతకాదు. కానీ జాలిపడేది ఒకరు, వండేది ఒకరు, పేరొచ్చేది ఒకరికి. తిన్నవాళ్ళు లేచి చెయ్యి కడుక్కుంటూ, దొరబాబుగారిది పెద్ద చెయ్యండీ అంటారు. ఆ మాట వినబడినప్పుడల్లా వంటింట్లో నా చేతులు నేను వాసన చూసుకుంటాను. సబ్బు ఎంత రుద్దినా సోమవారం దాకా నీచువాసన పోదు.

ఆ డేగిసా కథ కూడా చెప్పాలి. మా పెళ్ళిరోజున ఫర్వానియా వెళ్ళి కొనుక్కొచ్చాడు. నన్ను కిందికి పిలిచి, కళ్ళు మూసుకోమని, కారు డిక్కీ తెరిచి చూపించాడు. చీరో, చెవి దిద్దులో అనుకుని కళ్ళు తెరిచిన నాకు, నేను కూర్చుంటే పట్టేంత అల్యూమినియం డేగిసా, దాని మూత, దానికి తగ్గ గరిటె, స్టీలు కంచాల దొంతర కనిపించాయి. "ఇంక చిన్న గిన్నెల్తో ఇబ్బంది పడక్కర్లేదే నువ్వు" అన్నాడు. ప్రేమగానే అన్నాడు. దొరబాబు చెడ్డవాడు కాదు. తాగడు, కొట్టడు, రాజమండ్రి హాస్టల్లో ఇంటర్ చదువుతున్న మా అమ్మాయికి రోజూ ఫోన్ చేస్తాడు. కాకపోతే ఇంటి పని అనేది, గోడకి సున్నం ఉన్నట్టు, దానంతటది ఉంటుందనుకుంటాడు. దాన్ని ఎవరో చేస్తున్నారని ఆయనకి తోచదు. తోచనివాడి మీద కోపం తెచ్చుకోవడం చాలా కష్టం. ఆ కష్టం కూడా నేనే పడుతూ వచ్చాను.

మిగతా ఆరు రోజులూ నేను ఒక పాలీక్లినిక్ రిసెప్షన్‌లో కూర్చుంటాను. బ్రేక్ డ్యూటీ. పొద్దున కొంతసేపు, సాయంత్రం కొంతసేపు. మధ్యలో వచ్చే ఆ మధ్యాహ్నానికి బ్రేక్ అని పేరు పెట్టినవాడు కచ్చితంగా మగవాడే. ఆ బ్రేక్‌లోనే కూర, అన్నం, బట్టలు, మర్నాటి క్యారేజీకి కోసిపెట్టుకోవడం. క్లినిక్‌లో వచ్చినవాళ్ళ ఇఖామా, అంటే నివాస కార్డు, చూసి ఫైలు తీయడం నా ఉద్యోగం. డాక్టర్లకి టీ కలపడం, ఎవరి పుట్టినరోజుకో కేకు కోసి పంచడం, పంచాక బల్ల తుడవడం నా ఉద్యోగం కాదు. అయినా కేకు పెట్టె రాగానే మేనేజరు కళ్ళు నా వైపే తిరుగుతాయి. నా పక్క కుర్చీలో కూర్చునే ఈజిప్టు ఆయన వైపు ఒక్కసారీ తిరగలేదు. ఇక్కడా పరుగే, అక్కడా పరుగే. పళ్ళు తోముకోవడం దగ్గర్నుంచి పడుకోబోయే ముందు గ్యాసు కట్టేయడం దాకా నేను నిదానంగా చేసే పని ఒక్కటీ లేదని ఈ సైకిలు వచ్చాకే తెలిసింది.

దాన్ని ఇప్పించింది మునిలక్ష్మి. మా బిల్డింగుకి కాస్త అవతల ఓ విల్లాలో ఇంటి పని చేస్తుంది. రాయచోటి దగ్గర పల్లె ఆమెది. తన యజమానురాలిని, పిల్లల్ని వెంటబెట్టుకుని క్లినిక్‌కి వస్తూ పోతూ నాకు దగ్గరైంది. యజమానురాలిని మామా అంటుంది, ఇక్కడ ఇంటి పనివాళ్ళంతా అలాగే అంటారు. సెప్టెంబరులో ఓ రోజు ఫోన్ చేసింది. మామా కూతురికి కొత్త సైకిలు కొన్నారట, పాతదాన్ని చెత్తకుండీ పక్కన పెట్టెయ్యమన్నారట. "బంగారట్లా ఉండాదక్కా, ముందర బుట్ట గూడా ఉండాది. చిన్నప్పుడు కాలవ గట్టు మీద తొక్కేదాన్నని చెప్తివి గదా. ఎవురన్నా ఎత్తకపోకముందే వచ్చేయ్" అంది. మధ్యాహ్నం బ్రేక్‌లో వెళ్ళాను. ఎండకి హ్యాండిలు కాలిపోతోంది. చున్నీ చుట్టి పట్టుకుని, మండే వీధుల్లో నడిపించుకుంటూ తెచ్చుకున్నాను. ఆ రోజు మా ఇంట్లో కూర లేదు, పెరుగన్నమే.

అవును, కాలవ గట్టు మీద తొక్కేదాన్ని. మా అన్నయ్య సైకిలు, అడ్డబద్ద ఉన్నది, దాని మీదే అమలాపురం కాలేజీకి వెళ్ళేదాన్ని. ఒక పక్క కాలవ, ఒక పక్క కొబ్బరితోటలు. సాయంత్రం వచ్చేటప్పుడు కావాలని నెమ్మదిగా తొక్కేదాన్ని, ఇల్లు తొందరగా రాకూడదని. పెళ్ళయ్యాక సైకిలు మానెయ్యమని నాకెవరూ చెప్పలేదు. ఎవరూ చెప్పకుండానే పోయింది. స్కూటరు వెనక కూర్చున్నాను, తర్వాత కారులో పక్కసీట్లో కూర్చున్నాను. ఎక్కడికి వెళ్ళినా ఎవరో ఒకరు తీసుకెళ్ళేవారు. తీసుకెళ్ళనప్పుడు వెళ్ళలేదు, అంతే.

ఆ చల్లనీళ్ళ శుక్రవారం, చేపలకి ఉప్పూ కారం పట్టించి ఫ్రిజ్‌లో పెట్టి, దొరబాబు గురక విని, సైకిలు లిఫ్టులో దింపాను. కోస్తా రోడ్డు సిగ్నల్ దగ్గర దిగి నడిపించుకుంటూ దాటాను. అవతల పార్కు. మధ్యలో తవ్వి నీళ్ళు నింపిన చెరువు. పార్కుకి అరబ్బీలో ఏదో పెద్ద పేరుంది, తెలుగువాళ్ళం చెరువు అనే అంటాం. చుట్టూ ఎర్ర ఇటుకల బాట, బాట పొడుగునా ఖర్జూరం చెట్ల వరస, ఎక్కడి చలినుంచో తప్పించుకొచ్చిన తెల్లపిట్టలు నీళ్ళ మీద. మొదట హ్యాండిలు అటూ ఇటూ పోయింది. తర్వాత ఒళ్ళు తానే గుర్తు తెచ్చుకుంది. ఒక చుట్టు తిరిగేసరికి ముఖానికి గాలి తగిలింది. ఆ గాలిలో తేమ ఉంది, వేడి లేదు. గట్టిగా తొక్కబుద్ధి కాలేదు. ఎంత నిదానంగా తొక్కితే పడిపోకుండా ఉంటామో అంత నిదానంగా తొక్కాను. నన్ను దాటి పిల్లలు వెళ్ళారు, పరిగెత్తేవాళ్ళు వెళ్ళారు, చంకలో చిన్నకుక్కని పెట్టుకున్న ఓ ముసలాయన కూడా వెళ్ళాడు. వెళ్ళనీ అనుకున్నాను. నాకు కన్నీళ్ళొచ్చాయి. దేనికో చెప్పడం కష్టం. ఎవరికీ ఏమీ చేసిపెట్టకుండా గడిచిన గంట అది.

మునిలక్ష్మి అక్కడే ఉంది. మామా వాకింగ్ చేస్తుంది, పిల్లలు సైకిళ్ళు తొక్కుతారు, వాళ్ళ వెనకాల నీళ్ళసీసాలు పట్టుకుని మునిలక్ష్మి పరిగెడుతుంది. నా పక్కకి వచ్చినప్పుడు రొప్పుతూనే నవ్వింది. "నువ్వు తొక్కేది చూస్తాంటే నాకు నిద్దరొస్తాందక్కా. అట్లనే తొక్కు" అంది.

తర్వాతి శుక్రవారాలు కూడా అలాగే వెళ్ళాను. ఇంట్లో తెలిసింది. తెలిసినవాళ్ళంతా ఒకటే ప్రశ్న వేశారు, దేనికి అని. దొరబాబు బరువు తగ్గడానికా అన్నాడు, అలాగైతే హవల్లీలో ట్రెడ్‌మిల్లు సెకండ్‌హ్యాండ్‌లో చూద్దామన్నాడు. క్లినిక్‌లో డాక్టరుగారు మోకాళ్ళ నొప్పులా అని అడిగారు. వీడియో కాల్‌లో మా అత్తగారు సూరాయమ్మ, "డాక్టరు తొక్కమన్నాడా అమ్మాయ్?" అంది. అవునత్తయ్యా అంటే అక్కడితో అయిపోయేది. మందు లాంటిదైతే ఎవరికీ అభ్యంతరం లేదు. ఊరికే, నాకు బాగుంటుంది కాబట్టి అన్నాను. ఆవిడ వెంటనే కొడుకుని పిలిచింది. నేను ఏ పాపం చేసినా వాళ్ళంత కంగారుపడేవారు కాదేమో. ఆడమనిషి అలిసిపోతే అర్థం చేసుకుంటారు, జబ్బుపడితే అర్థం చేసుకుంటారు, గుడికి పోతే మెచ్చుకుంటారు. ఏ ఉపయోగం లేకుండా చెరువు చుట్టూ తిరిగి సంతోషంగా ఇంటికొస్తే మాత్రం, ఇంట్లో ఏదో పోయినట్టు వెతుక్కుంటారు.

నవంబరు మధ్యలో మా కారు గేరుబాక్సు పోయి గ్యారేజీకి వెళ్ళింది. దొరబాబు ఓ పది రోజులు కోస్తా రోడ్డు మీద బస్సులో డ్యూటీకి తిరిగాడు. ఆ రోజుల్లోనే ఓ మధ్యాహ్నం, శుక్రవారం దాకా ఆగలేక బ్రేక్‌లో చెరువుకి వెళ్ళి, వస్తూ బుట్టలో ఖుబ్బూస్ రొట్టెలు, కొత్తిమీర కట్ట వేసుకుని సిగ్నల్ దగ్గర నిలబడ్డాను. పక్కనే కంపెనీ బస్సు ఆగింది. కిటికీలోంచి స్టోర్‌లో పనిచేసే సుబ్బన్న చూశాడు. కడప మనిషి, మా ఇంటికి శుక్రవారాలు వచ్చేవాడు. నేను చెయ్యి ఊపాను. ఆయన ఊపలేదు, బాధగా తల పక్కకి తిప్పుకున్నాడు. ఏమైందో అనుకుని ఇంటికొచ్చేశాను.

ఇక్కడ సైకిలు తొక్కేది ఎవరు? ఇళ్ళముందు కార్లు తుడిచేవాళ్ళు, బకాలా కొట్ల నుంచి ఇళ్ళకి సరుకులు చేరవేసేవాళ్ళు. కారున్న ఇంటి మనిషి సైకిలెక్కిందంటే మనవాళ్ళకి అర్థం ఒక్కటే. ఉద్యోగం పోయింది, కారు పోయింది, ఇంక ఇల్లు పోవాలి. దొరబాబుని బస్టాపులో చూసినవాళ్ళు ఒకరు, నన్ను సైకిలు మీద చూసినవాడు ఒకడు. రెండూ కలిపేసరికి సాయంత్రానికల్లా గదులన్నిటికీ తెలిసిపోయింది, దొరబాబుకి టెర్మినేషన్ వచ్చిందట, బయటికి చెప్పుకోవడం లేదట, పాపం అని. ఆ వారమంతా ఆయనకి ఫోన్లే. అంతా బాగేనా అన్నా అని ఒకరు, వీసా మార్చుకోవడం ఇప్పుడు సుళువేనంట అని ఒకరు. ఈయనకి ఏమీ బోధపడక, ఇయ్యాల్రేపు మనుషుల్లో ప్రేమలు బాగా పెరిగాయే అని నాతో అన్నాడు కూడా.

శుక్రవారం కారు లేదు కాబట్టి చేపలు రాలేదు. ఫ్రీజర్లో కోడి ఉంది, అదే వండెయ్యమన్నాడు. నేను ఉల్లిపాయలు కోస్తుంటే బెల్లు మోగింది. గుమ్మంలో సుబ్బన్న, రాజా, ఇంకా నలుగురు. చేతుల్లో గుడ్డలు చుట్టిన గిన్నెలు. సంగటి, కోడికూర, పచ్చిపులుసు, ఇంట్లో చేసిన వాసన. వాళ్ళు తలలు దించుకుని ఉన్నారు. సుబ్బన్నే మాట్లాడాడు.

"ఏమీ అనుకోవద్దు దొరబాబన్నా. ఇన్ని దినాలు నీ ఇంట్లో తింటిమి. ఇప్పుడు నీకు కష్టమొచ్చిందని తెలిసి వట్టి చేతులతో ఎట్లొస్తాము? పని యాడన్నా దొరుకుతాది, నువ్వేం భయపడాకు."

"నాకేం కష్టం?" అన్నాడు దొరబాబు.

సుబ్బన్న నా వైపు చూశాడు, మళ్ళీ నేల వైపు చూశాడు. "వదిన సైకిలు మీద పోతాంటే చూసినాన్నా" అన్నాడు మెల్లగా.

అసలు సంగతి తేలేసరికి గిన్నెలు చల్లారాయి. రాజా నవ్వు ఆపుకోలేక బాల్కనీలోకి పోయాడు. మిగతావాళ్ళూ నవ్వారు, హమ్మయ్య అనుకున్నారు, తెచ్చింది తినకుండా పోతామా అని చాప పరిచి కూర్చున్నారు. నన్నూ కూర్చోమన్నారు. ఇన్నేళ్ళలో శుక్రవారం నాడు వాళ్ళతో పాటు నేను చాప మీద కూర్చోవడం అదే మొదలు. సుబ్బన్న సంగటి ముద్ద పెట్టి, మధ్యలో గుంట చేసి పులుసు పోశాడు. సంగటి మెత్తగా కుదిరింది, కూరలో మసాలా సరిగ్గా పడింది. ఎవరు వండారని అడిగాను. "మేమేనండీ వదినగారూ. సంగటి సుబ్బన్నగారు గెలికారు, కూర నేనెట్టేను. పండగలకీ పబ్బాలకీ గదిలో చేసుకుంటామండీ, ఆయ్" అన్నాడు రాజా. ముద్ద నా నోట్లోనే ఆగింది. వీళ్ళకి వండటం వచ్చు. గిన్నెలున్నాయి, పొయ్యి ఉంది, చేతులున్నాయి. పాపం ఇంటి భోజనం ఎరగని మనుషులనుకుని నేను శుక్రవారాలు పొద్దుటి నుంచి నిలబడి పొలుసు గీకింది వీళ్ళకేనా? నాకు వాళ్ళ మీద కోపం రాలేదు. వచ్చిందల్లా ఆకలి. రెండో ముద్ద పెట్టించుకున్నాను.

వాళ్ళు వెళ్ళాక దొరబాబు తలుపేసి, సోఫాలో కూలబడ్డాడు. పరువు తీసేశావు అన్నాడు. కంపెనీ అంతా నవ్వుకుంటోంది అన్నాడు. ఎంతమంది పెళ్ళాల్ని తెచ్చుకోలేక ఏడుస్తున్నారు, నిన్ను ఫ్యామిలీ వీసా మీద తెచ్చి మహారాణిలా ఉంచితే కార్లు తుడిచేవాడిలా రోడ్డెక్కుతావా అన్నాడు. ఆ రాత్రి భోజనాల వేళకే ఊరికి ఫోన్ వెళ్ళింది. అత్తగారు క్షణంలో దారి చూపించింది. ఎలాగూ ఊరికి సామాన్ల కార్గో పెట్టె పంపుతున్నారుగా, సైకిలు అందులో పడేసి మా ఆడపడుచు పుష్పలత కొడుక్కి పంపెయ్యమంది. దొరబాబు ముఖం విప్పారింది. ఒక దెబ్బకి పరువూ నిలబడుతుంది, చెల్లెలికి ఫారిన్ సైకిలూ పోతుంది.

వాడు రెండో తరగతి, కాలు పెడలుకి అందదు అన్నాను.

"ఎదుగుతాడుగా" అన్నాడు.

నాకు వాళ్ళింటి షోకేసు కళ్ళముందు మెదిలింది. మేం పంపిన డిన్నరు సెట్టు, విప్పని దుప్పటి, కవరు తీయని మిక్సీ. వచ్చినవాళ్ళకి చూపించడానికే తప్ప వాడటానికి కాదు. నా సైకిలు కూడా ప్లాస్టిక్ చుట్టుకుని అటక మీద వాడు ఎదిగేదాకా పడుకుంటుంది. ఈలోపు చెరువు చుట్టూ చలికాలాలు వస్తాయి, పోతాయి. నేను ఆయన ఎదురుగా నిలబడి, "నేనివ్వనండి. అది నాది" అన్నాను. ఆయన టీవీ రిమోటు కోసం దిండు కింద వెతికాడు. నేనన్నది ఆయనకి వినబడింది. వినబడినంత మాత్రాన మాట లెక్కలోకి రాదని నాకూ తెలుసు.

ఆ వారంలో మునిలక్ష్మి జ్వరం వచ్చిన పిల్లని తీసుకుని క్లినిక్‌కి వచ్చింది. మామా లోపల డాక్టరుతో ఉండగా సంగతంతా చెప్పాను. పోనీలే, ఇచ్చేస్తే గొడవ వదిలిపోతుందేమో, ఒక్క గంట కోసం ఇంత రభస దేనికి అని నేనే అన్నాను. ఓడిపోయే ముందు మనిషి ఇలాగే మాట్లాడుతుంది. మునిలక్ష్మి పిల్ల జడ సర్దుతూ వింది.

"నాకు శుక్రారం లేదక్కా, శనారం లేదు. మామా పండుకున్న్యాకనే నా పొద్దు. నీకు ఒగ గంట ఉండాది. ఉండేదాన్ని నువ్వే ఇచ్చేస్తే, లేనోళ్ళం మేము ఎవుర్ని చూసుకోని అడగల్ల?"

లోపల్నుంచి యల్లా, పద పద అని మామా కేక వేసింది. మునిలక్ష్మి పిల్లని ఎత్తుకుని పరిగెత్తింది. నేను ఫైలు తీసి తర్వాతి పేషెంటుని పిలిచాను. కేకు పెట్టెతో వచ్చిన మేనేజరు, మేడమ్ అన్నాడు నవ్వుతూ. నాకు పేషెంట్లు ఉన్నారు అన్నాను, నవ్వకుండా. ఆయన కత్తి పట్టుకెళ్ళి ఈజిప్టు ఆయన ముందు పెట్టాడు. అతను కేకు వంకరగా కోశాడు. అందరూ తిన్నారు.

గురువారం సాయంత్రం డ్యూటీ నుంచి వచ్చేసరికి హాల్లో పెద్ద అట్టపెట్టె ఉంది. దొరబాబు, రాజా కలిసి సైకిలు ముందుచక్రం ఊడదీసి, పెడళ్ళు విప్పి, హ్యాండిలు మడిచి లోపల పడుకోబెట్టారు. స్పానరు, నట్లు బుట్టలోనే ఉన్నాయి. దొరబాబు హుషారుగా ఉన్నాడు. కారు వచ్చేసింది, పొద్దున్నే మార్కెట్టుకి వెళతానన్నాడు. "కార్గోవోళ్ళు వత్తారు. సందుల్లో సబ్బులూ, టాంగ్ పేకెట్లూ కుక్కి టేపేసి ఇచ్చెయ్యి. నువ్వు సర్దితేనే ఏదీ ఇరగదే" అన్నాడు.

అది నిజం. కువైట్ నుంచి వెళ్ళే పెట్టె సర్దడం ఒక విద్య. గాజువాటిని తువ్వాళ్ళలో చుట్టాలి, సబ్బుల్ని పాలపొడి డబ్బాలకి తగలనివ్వకూడదు, బరువంతా అడుగున ఉండాలి, ఓడలో ఎటు దొర్లినా కదలకూడదు. మా ఇంట్లో ఇన్నేళ్ళుగా పెట్టె సర్దింది నేనే. పంపింది దొరబాబు. సర్దడం నా పని అని ఆయనే అన్నాడు. ఏం సర్దాలన్నది కూడా నా పనే కదా అని నాకు ఆ క్షణంలో తట్టింది. చాలా మామూలుగా తట్టింది, రేపు పప్పు నానబెట్టాలి అన్నట్టు.

పొద్దున ఆయన వెళ్ళగానే సైకిలు బయటికి తీశాను. వంటింటి గచ్చు మీద కూర్చుని హ్యాండిలు సరిచేసి, పెడళ్ళు పెట్టి, ముందుచక్రం బిగించాను. మొదటిసారి వంకరగా పడింది, మళ్ళీ విప్పి బిగించాను. తర్వాత పెట్టె అడుగున దుప్పటి పరిచి డేగిసా కూర్చోబెట్టాను. కొలిచి తెచ్చినట్టు పట్టింది. దాని కడుపులో స్టీలు కంచాల దొంతర, కంచాల మధ్య సబ్బులు, టాంగ్ ప్యాకెట్లు. గరిటెని తువ్వాల్లో చుట్టి పక్కన పెట్టాను. మూత పెట్టి టేపు వేసేటప్పుడు ఒక్కసారి ఆగాను. భయం వేసింది, అబద్ధమెందుకు. ఇంట్లో అరుపులు ఎలా ఉంటాయో తెలుసు. అత్తగారు ఏడుస్తుంది, పుష్పలత మాట్లాడదు. అయినా టేపు సాగదీసి రెండు వరసలు వేశాను.

కార్గో నుంచి వచ్చిన జిలానీ బాషా పెట్టె ఊపి చూశాడు. "కదల్లేదమ్మా, బాగా సర్దినారు. ఏముండాయి లోపల?" అని అడిగాడు. వంట సామాన్లు అన్నాను. మార్కరుతో అట్ట మీద పెద్ద అక్షరాలతో పుష్పలత పేరు, ఊరి పేరు రాశాడు. లిఫ్టు తలుపు మూసుకున్నాక, కుక్కర్లో ఇద్దరికి సరిపడా అన్నం పెట్టి, పెరుగు బయట పెట్టి, సైకిలు తీసుకుని దిగాను.

చెరువు దగ్గర ఆ రోజు చలి మొదలైంది. స్వెట్టరు వేసుకోవాల్సింది అనుకున్నాను. ముందుచక్రం కాస్త కిర్రుమంటోంది, కానీ తిరుగుతోంది. మునిలక్ష్మి నన్ను చూసింది, సైకిలు చూసింది. పిల్లలు నీళ్ళు తాగుతుంటే వచ్చి సీటు మీద చెయ్యి వేసి, నా పక్కన నాలుగడుగులు నడిచింది. పరిగెత్తకుండా ఆమె నడవడం నేను అక్కడే మొదటిసారి చూశాను. రెండో చుట్టులో ఉండగా ఫోన్ మోగింది. బాట పక్కకి ఆపి, ఒక కాలు నేల మీద పెట్టి ఎత్తాను.

"దుర్గా, పెద్ద డేగిసా ఏదే?" వెనకాల రాజా గొంతు, సంచులు కింద పెడుతున్న చప్పుడు.

"కార్గోలో వెళ్ళిందండి, పుష్పలతకి."

"డేగిసా పంపేవా? ఆళ్ళకెందుకే అంత డేగిసా? సైకిలు కదా పంపమంది."

"సైకిలు నాతో ఉందండి. డేగిసా మీ మేనల్లుడికి పనికొస్తుంది. ఎదుగుతాడుగా, వండటం నేర్చుకుంటాడు."

ఆయనకి కోపం వస్తోందని ఊపిరిలో తెలుస్తోంది, కానీ రాజా పక్కన ఉన్నాడు. చివరికి, మరి ఈ చేపలేం చెయ్యమంటావు అన్నాడు. ఏం చెయ్యాలని ఇరవై ఏళ్ళలో ఆయన నన్ను అడగడం అదే మొదటిసారి అనిపించింది. చెరువు మీంచి తెల్లపిట్టలు లేచి ఇంకో పక్క వాలాయి. నేను పెడలు మీద కాలు పెట్టాను.

"కుళాయి నీళ్ళు చల్లబడ్డాయండీ. కడుక్కోండి, చేతులు కాలవు."